మన జాబితా మనమే రాసుకోవాలె

(భైంసాలో జరిగిన విద్యార్థి, యువజనుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభ పెట్టిన మిత్రులు నాకు ఇచ్చిన విషయం 'జీవితంలో ఒక్కసారైనా చూడాల్సిన సినిమాలు'. భూమి గురించి, రిజర్వేషన్ల గురించి, అట్రాసిటీ కేసుల గురించి మాట్లాడుకునే చోట ఈ సినిమా ముచ్చట ఏందని కొందరు పెద్దలకు అనిపించవచ్చు. ఒక్క మాట అడుగుతాను. మన వాడల పొద్దంతా పత్తి ఏరిన మనిషి, జిన్నింగు మిల్లులో బేళ్ళు మోసిన మనిషి, బీడీలు చుట్టిన అక్క రాత్రి ఇంటికొచ్చి ఏం చేస్తున్నారు? పుస్తకం చదువుతున్నారా? లేదు. ఫోన్లో సినిమా చూస్తున్నారు. చదువు రాని మనిషికి కూడా అర్థమయ్యే ఒకే ఒక పుస్తకం సినిమా. ఆ పుస్తకం ఎవడు రాస్తున్నాడు, అందులో మన గురించి ఏం రాస్తున్నాడు అని మనం అడగకుండా ఉంటే ఎట్లా?

ఊర్లలో గడీలు కూలిపోయినయి. కొన్ని బడులయినయి, కొన్ని గోదాములయినయి. కాని గడి ముందు చేతులు కట్టుకుని నిలబడే అలవాటును నేర్పే బడి ఒకటి ఇంకా నడుస్తున్నది. హీరో ఊర్లోకి కారు దిగుతాడు. వెనక వందమంది పరుగెత్తుతారు. ఆ వందమంది పేరు లేనోళ్ళు. వాళ్ళు మనోళ్ళు. మన పిల్లగాడు మాత్రం తెర మీద ఆ వందమందిలో తనను చూసుకోడు, కారు దిగినోనిలో చూసుకుంటాడు. ఇంటికొచ్చి కూలి డబ్బులతో ఆ హీరోకు ఫ్లెక్సీ కట్టి పాలు పోస్తాడు. ఇంట్ల పసిపిల్లకు పాలున్నయా లేవా అని చూడడు. ఈ బడికి ఫీజు కట్టేది కూడా మనమే.

పేపర్లల్ల, టీవీల్ల అప్పుడప్పుడు గొప్ప సినిమాల జాబితాలు వస్తుంటయి. 2013లో ఒక ఇంగ్లీషు టీవీ ఛానెల్ జనాన్ని ఓట్లడిగితే మన 'మాయాబజార్' దేశంలోనే గొప్ప సినిమాగా నిలిచింది. 1957లో వచ్చిన సినిమా. నేను కాదనను, నాకూ ఇష్టమే. రంగారావు తెర మీదికొస్తే ఎవరికి సంతోషం కాదు? కాని ఈసారి చూసినప్పుడు ఒక పని చేయండి. ఆ పెండ్లికి పట్నం కట్టింది ఎవరు? విడిది ఏర్పాట్లు చేసింది ఎవరు? అడవిల ఉండే ఘటోత్కచుడు, అతని పరివారం. ఇద్దరు రాజుల ఇండ్ల మధ్య పెండ్లి లడాయికి వెట్టి చేసింది అడవి మనుషులు. పెండ్లి అయినంక రాజ్యంలో వాళ్ళకు భాగం ఏమన్నా వచ్చిందా? నవ్వుకుంటూనే ఈ ప్రశ్న వేసుకోండి. సినిమా చూడొద్దని నేను చెప్పడం లేదు. కండ్లు తెరిచి చూడమంటున్నాను.

దీనికి పెద్ద సిద్ధాంతం అక్కర లేదు. మూడు ప్రశ్నలు చాలు. కథ ఎవరి వాకిట్లో నిలబడి చెబుతున్నారు? మన మనిషి ఉంటే అతనికి పేరుందా, కోపముందా, ఆలోచన ఉందా? చివరికి న్యాయం చేసేది ఎవరు, మనమా, మన మీద జాలిపడ్డవాడా? ఈ మూడు ప్రశ్నలు చేతిలో పెట్టుకుని నా జాబితా చెబుతాను.

మొదటిది 'మాలపిల్ల'. 1938. గూడవల్లి రామబ్రహ్మం తీసిండు. కథ చలం రాసిండు. కాంచనమాల నటించింది. డబ్బు పెట్టిన సారథి సంస్థ వెనక చల్లపల్లి జమీందారు ఉన్నాడు. గుడి పూజారి కొడుకు మాల అమ్మాయిని ప్రేమిస్తాడు. ఆ రోజుల్లో, గుడిలోకి మనల్ని రానివ్వని రోజుల్లో, ఈ పేరుతో సినిమా తీయడమే సాహసం. ఆ గౌరవం ఇవ్వాల్సిందే. కాని కథ ఎట్లా తేలుతుందో చూడండి. మంటల్లో చిక్కుకున్న పూజారి భార్యను అంటరానివాడు ప్రాణాలకు తెగించి కాపాడుతాడు. అప్పుడు గాని ఆ ఇంటి మనసు కరగదు. అంటే మనం మనుషులమని రుజువు చేసుకోవాలంటే ముందు మంటల్లో దూకాలె.

ఇది ఒక్క తెలుగు సినిమా సంగతి కాదు. 1936లో బొంబాయి టాకీస్ వాళ్ళు తీసిన 'అఛూత్ కన్య'లో అంటరాని పిల్ల రైలు కింద పడి చచ్చిపోతుంది. 1959లో బిమల్ రాయ్ తీసిన 'సుజాత'లో ఆ పిల్ల పెంచిన తల్లికి రక్తం ఇచ్చి బతికిస్తుంది. రక్తం కలిసినంకనే అమ్మ బిడ్డా అని పిలుస్తుంది. చచ్చిపోవాలె, లేకుంటే రక్తమన్నా ఇవ్వాలె. సవర్ణుని కన్నీరు మన చేతికి రావాలంటే కట్టాల్సిన సుంకం అది. ఈ మూడు సినిమాలు చూసినోళ్ళకు ఈ సుంకం లెక్క బాగా తెలుస్తుంది.

మరి అదే కాలంలో బయట ఏం జరుగుతున్నది? భాగ్యరెడ్డివర్మ 1917లోనే బెజవాడ సభకు అధ్యక్షత వహించి, మనం పంచములం కాదు, ఈ నేల మొదటి మనుషులం అని చెప్పిండు. హైదరాబాదులో మన పిల్లలకు బడులు పెట్టిండు. ఆడపిల్లలను దేవుని పేరుతో విడిచే ఆచారం మీద కొట్లాడిండు. 'మాలపిల్ల' వచ్చిన మరుసటి ఏడే, 1939లో, కన్నుమూసిండు. ఇంత పెద్ద నాయకుడు మన మధ్య నడుస్తుంటే తెలుగు తెర మీదికి వచ్చింది మాత్రం మనల్ని ఉద్ధరించే పూజారి కొడుకు. తెర మీద ఏముందో చూసుడు ఒక ఎత్తు, ఏం లేదో చూసుడు ఇంకో ఎత్తు.

ఈ ఉద్ధారకుని కథ అక్కడితో ఆగలేదు. 1981లో 'సప్తపది' వచ్చింది. హరిజన యువకుడు, బ్రాహ్మణ అమ్మాయి. దేశ సమైక్యత మీద తీసిన మంచి సినిమా అని జాతీయ అవార్డు ఇచ్చిండ్రు. అందులో మనవాడు మురళి వాయిస్తాడు, ఓపికగా ఎదురుచూస్తాడు. తీర్పు చెప్పేది మాత్రం పెద్దింటి తాత. ఆ తర్వాత నాలుగేండ్లకు, 1985 జూలై 17న, కారంచేడులో మనోళ్ళను ఆరుగురిని చంపిండ్రు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపిండ్రు. ఆ రెండు ఊర్లు దళిత ఉద్యమాన్ని మార్చినయి, రాజకీయాలను మార్చినయి, కవిత్వాన్ని మార్చినయి. తెలుగు సినిమాను మార్చినయా? మన ముసలవ్వకు కూడా తెలిసిన పెద్ద సినిమా ఏదన్నా ఆ ఊర్ల మీద వచ్చిందా? మీరే చెప్పండి.

ఎందుకు రాలేదో కూడా చెప్పుకోవాలె. సినిమాకు కావాల్సింది ముందు డబ్బు. కృష్ణా గోదావరి డెల్టాలో కాలువ నీళ్ళ మీద మిగిలిన పంట డబ్బు స్టూడియోలకు, పంపిణీ కంపెనీలకు, థియేటర్లకు పోయింది. భూమి ఎవరి చేతిలో ఉందో కెమెరా కూడా వాళ్ళ చేతికే పోయింది. మన దగ్గర భూమీ లేదు, కెమెరా లేదు. భూమి సమస్య, సినిమా సమస్య వేరు వేరు కాదని అందుకే అంటున్నాను.

రెండోది మన తెలంగాణ సినిమా, 'మా భూమి'. 1979లో తయారై 1980లో జనంలోకి వచ్చింది. గౌతమ్ ఘోష్ దర్శకుడు, బి. నర్సింగరావు నిర్మాతల్లో ఒకడు. కిషన్ చందర్ ఉర్దూలో రాసిన నవల ఆధారం. గద్దర్ తెర మీద కనబడి బండి యాదగిరి పాట పాడింది ఇందులోనే. వెట్టి అంటే ఏందో, నిజాం కాలంలో పేద రైతు కొడుకు ఎట్లా బతికిండో పుస్తకాల్లో చదివితే తెలియనిది ఇందులో కనబడుతుంది. చివరికి 1948లో సైన్యం వచ్చినంక పారిపోయిన దొరలు టోపీలు మార్చుకుని మళ్ళీ ఊర్లోకి వస్తారు. ఆ ఒక్క సీను కోసం ప్రతి తెలంగాణ పిల్లవాడు ఈ సినిమా చూడాలె. రాజ్యం మారినా దొర మారడు అనే పాఠం అందులో ఉంది. చూసినంక ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి. వెట్టిలో అందరికంటే కింద ఉన్న మాల మాదిగలకు ఆ పోరాటంల ఎంత భూమి దక్కింది, ఎంత నాయకత్వం దక్కింది? కమ్యూనిస్టు మిత్రులకు ఈ ప్రశ్న కష్టంగా ఉంటుంది. అయినా అడగాలె.

గద్దర్ 2023 ఆగస్టులో మనల్ని విడిచిపోయిండు. ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వం సినిమా అవార్డులకు ఆయన పేరు పెట్టింది, 2025లో మొదటిసారి ఇచ్చింది. మంచిదే. కాని గద్దర్ పేరున్న బహుమతిని గద్దర్ పుట్టిన వాడకట్టు కథకు ఇచ్చే రోజు రావాలె.

మూడోది 'దాసి'. 1988. నర్సింగరావే తీసిండు. అర్చన నటించింది. ఉత్తమ నటితో కలిపి ఐదు జాతీయ అవార్డులు వచ్చినయి. దొరసాని పెండ్లయి వచ్చేటప్పుడు మంచాలు, గిన్నెలు, ఆవులతో పాటు ఒక ఆడపిల్లను కూడా వెంట తెచ్చుకుంటది. అట్లా వచ్చిన కమలాక్షి కథ ఇది. పాటలు లేవు, ఫైటింగులు లేవు, మాటలే తక్కువ. గడిలో తలుపులు తెరుచుకుంటయి, మూసుకుంటయి. కమలాక్షి కాళ్ళు కడుగుతది, పక్క వేస్తది, దొర పిలిస్తే పోతది. చివరికి తన కడుపుల పెరుగుతున్న బిడ్డను ఉంచుకునే హక్కు కూడా ఆమెకు లేదు. ఈ సినిమాను మగవాళ్ళు ఒక్కరే కూర్చుని చూడొద్దు. ఇంట్ల అవ్వతో, అక్కతో కూర్చుని చూడండి. సినిమా అయినంక టీవీ బంద్ చేసి వాళ్ళను మాట్లాడనివ్వండి. మన ముసలవ్వల దగ్గర గడి కథలు ఇంకా ఉన్నయి. ఎవరూ అడగలేదు కాబట్టి వాళ్ళు చెప్పలేదు.

దీనికి తోడు శ్యామ్ బెనెగల్ 1974లో తీసిన 'అంకుర్' చూడండి. అదీ తెలంగాణ పల్లె కథే, మన దక్కనీ మాటలే వినబడతయి. చివర్ల ఒక చిన్న పిల్లవాడు దొరబాబు ఇంటి కిటికీ మీదికి రాయి విసిరి ఉరుకుతాడు. ఆ రాయిని గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను. మృణాల్ సేన్ 1977లో తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ' కూడా చూడండి. ప్రేమ్‌చంద్ 'కఫన్' కథ ఆధారం. పనిచేస్తే నిండేది పరాయి కడుపే అని పని మానేసిన తండ్రి, కొడుకు. ఆ కథలో చర్మకారులను సోమరులుగా, మానవత్వం లేనివాళ్ళుగా చూపించిండని హిందీ దళిత రచయితలు ప్రేమ్‌చంద్‌ను గట్టిగానే నిలదీసిండ్రు. కాబట్టి ఈ సినిమాను కొట్లాడుకుంటూ చూడాలె. కొట్లాడుకుంటూ చూడదగ్గ సినిమా కూడా మంచి సినిమానే.

నాలుగోది మన జిల్లా సినిమా. ఇప్పుడు ఆదిలాబాదు నాలుగు జిల్లాలయింది, మన భైంసా నిర్మల్ జిల్లాలోకి వచ్చింది. అయినా జోడేఘాట్ మనది కాకుండా పోతుందా? 1940లో అక్కడ నిజాం పోలీసుల తూటాలకు ఒరిగిన గోండు వీరుని మీద అల్లాణి శ్రీధర్ 'కొమరం భీమ్' తీసిండు. 1990లో తయారైన సినిమా. నంది అవార్డులు వచ్చినయి. థియేటరుకు ఎప్పుడొచ్చింది? 2010లో. ఇరవై ఏండ్లు డబ్బాలోనే ఉంది! కొనేటోడు లేడు, ఆడించేటోడు లేడు. ఒక ఆదివాసీ వీరుడు తెర మీదికి రావడానికి ఇరవై ఏండ్లు వరుసల నిలబడిండు.

అదే పేరుతో 2022లో 'ఆర్ ఆర్ ఆర్' వచ్చింది. ప్రపంచమంతా చూసింది, పాటకు ఆస్కార్ వచ్చింది. మీరందరూ చూసే ఉంటారు. అందులో చివరికి రాముడు నీకేం కావాలె అని అడిగితే, భీమ్ చదువు చెప్పమంటాడు. థియేటర్ల ఈలలు పడ్డయి. నేను బడిపంతులును, చదువు మాటకు నాకెందుకు అభ్యంతరం? కాని మన జిల్లాల చెప్పుకునే చరిత్ర వేరు. భీమ్ యువకుడిగా ఊరు విడిచి పోయిన కాలంలోనే విఠోబా అనే ముద్రాపకుని దగ్గర చదవడం, రాయడం నేర్చుకున్నాడని చెబుతారు. అల్లం రాజయ్య, సాహు కలిసి భీమ్ మీద నవలే రాసిండ్రు. అడవి మీద, నీళ్ళ మీద, భూమి మీద హక్కు అని అంత స్పష్టంగా అడిగిన నాయకుడు తెర మీద ఇంకొకరి ముందు పలక పట్టుకున్న పిల్లవాడయిండు. మన వీరుణ్ణి పెద్దగా చూపిస్తూనే చిన్నగా చేయవచ్చు. రెండు సినిమాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ కిటుకు తెలుస్తది.

ఐదోది. ఇక్కడ భైంసాలో కూర్చున్న వాళ్ళలో సగం మందికి మరాఠీ వచ్చు. సరిహద్దు దాటితే నాందేడ్ జిల్లా. మన పెండ్లి సంబంధాలు, అంబేద్కర్ జయంతి పాటలు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నడుస్తుంటయి. కాబట్టి మీకు తర్జుమా అక్కర లేని సినిమా చెబుతాను. 'ఫాండ్రీ'. నాగరాజ్ మంజులే మొదటి పెద్ద సినిమా. 2013లో తయారయి, 2014లో థియేటర్లకు వచ్చింది. ఆయన సోలాపూర్ జిల్లా నుంచి వచ్చిన వడ్డెర బిడ్డ. ఫాండ్రీ అంటే కైకాడీల భాషలో పంది. జబ్యా అనే పిల్లవాడు బడిలో చదువుతుంటాడు. తోటి అమ్మాయి మీద మనసు పడతాడు. మంచి చొక్కా వేసుకోవాలని ఆశ. ఇంట్ల వాళ్ళకు ఊరి పందులు పట్టే పని.

సినిమా చివరి భాగం చూడండి. బడి పక్కనే ఇల్లంతా కలిసి పందిని తరుముతుంటారు. తోటి పిల్లలు గట్టు మీద కూర్చుని నవ్వుతుంటారు. పంది దొరకబోయే వేళకు బడిలో జాతీయగీతం మొదలవుతుంది. అందరూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోతారు. పంది నిలబడదు కదా, తప్పించుకుని పోతుంది. ఆ తర్వాత చచ్చిన పందిని కర్రకు కట్టి మోసుకుపోతుంటే వెనక బడి గోడ మీద అంబేద్కర్, సావిత్రీబాయి ఫూలే బొమ్మలు కనబడతయి. ఒక్క మాట లేదు. నేను ఎన్నో సభల్లో ఎన్నో ఉపన్యాసాలు విన్నాను. మన రాజ్యాంగానికీ మన ఊరికీ మధ్య ఎంత దూరముందో ఆ గోడ చెప్పినంత సూటిగా చెప్పింది తక్కువ. బడిపంతుళ్ళందరూ ఈ సినిమా తప్పక చూడాలె. మన తరగతి గది బయట పిల్లవానికి ఏమవుతున్నదో మనకు తెలియాలె.

చివరికి జబ్యా రాయి తీసుకుని విసురుతాడు. అది నేరుగా మన మీదికే వస్తుంది, చూసేటోళ్ళ మీదికి. 1974లో 'అంకుర్' పిల్లవాడు దొర కిటికీ మీదికి విసిరిన రాయి నలభై ఏండ్లకు ఇక్కడికి వచ్చింది. ఈసారి కెమెరా వెనక నిలబడింది ఆ రాయి పట్టిన ఇంటి బిడ్డ. తేడా అంతా అక్కడుంది.

రాయి మాట వచ్చింది కాబట్టి భైంసాలో నిలబడి ఒక మాట దాచకుండా చెప్పాలె. మన ఊరి పేరు దేశమంతటి పేపర్లల్ల ఎప్పుడొచ్చింది? 2008లో, 2020లో, 2021లో. ఎట్లా వచ్చిందో మీకు తెలుసు. ఆ గొడవల్లో రాళ్ళు ఎవరి చేతులకు అందుతయి? పెద్ద బంగళాల పిల్లలు ఆ టైముకు హైదరాబాదులో కోచింగులో ఉంటారు. కేసులల్ల పేరు పడేది, ఉద్యోగానికి పోలీసు విచారణ వచ్చినప్పుడు ఆగిపోయేది పేదింటి పిల్లవానిదే. పగవాణ్ణి చూపించి రక్తం మరిగించే సినిమాలు ఈ మధ్య చాలా వస్తున్నయి. అవి చూసి వచ్చిన తమ్ముడు పక్క వాడ మీదికి రాయి తీసే ముందు ఒక్కసారి 'ఫాండ్రీ' చూడాలని నా కోరిక. జబ్యాకు తన పగ ఎవరితోనో తెలుసు. మనకూ తెలియాలె.

మంజులే 2016లో 'సైరాట్' తీసిండు. వంద కోట్ల వ్యాపారం చేసిన మరాఠీ సినిమా. మన ఆటోలల్ల కూడా ఆ పాటలు మోగినయి. పాటల కోసం పోయిన పిల్లలు చివరి సీను చూసి నోట మాట లేకుండా బయటికొచ్చిండ్రు. హిందీల 2018లో మళ్ళీ తీసేటప్పుడు అందులో ఉన్న కులాన్ని పల్చన చేసిండ్రు. కులం తీస్తే ఆ కథల మిగిలేది పాటలే.

ఆ కథ మనకు పరాయిది కాదు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కడుపుతో ఉన్న భార్యను ఆసుపత్రిలో చూపించుకుని వస్తున్న దళిత యువకుణ్ణి ఆమె కండ్ల ముందే నరికి చంపిండ్రు. ఆమె తండ్రే కిరాయి ఇచ్చి చంపించిండు. కోర్టు తీర్పుకు 2025 మార్చి దాకా ఆగాల్సి వచ్చింది, ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం పడ్డయి. ఈ లోపల 2020లో ఆ హత్య మీద తెలుగులో సినిమా వచ్చింది. ఎవరి వాకిట్లో నిలబడి కథ చెప్పిండ్రు? తండ్రి బాధ చెప్పిండ్రు! భర్తను పోగొట్టుకున్న ఆడబిడ్డ ఆ సినిమా ఆపమని కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. మన చావు కూడా మన కథ కాకుండా పోతున్నది.

ఆరోది తమిళం నుంచి, 'పరియేరుమ్ పెరుమాళ్'. 2018. దర్శకుడు మారి సెల్వరాజ్‌కు మొదటి సినిమా. పా. రంజిత్ నిర్మించిండు. తిరునల్వేలిలో లా కాలేజీకి పోయిన మన పిల్లవాని కథ. ఇంగ్లీషు రాదు, క్లాసుల నవ్వుతారు. స్నేహం చేసిన అమ్మాయి ఇంటికి పెండ్లికి పోతే గదిలో పెట్టి కొట్టి అవమానిస్తారు. తండ్రి ఆడవేషం కట్టి ఆడే కళాకారుడు. ఆ తండ్రిని చెప్పుకోవడానికి కొడుకు సిగ్గుపడతాడు. మొదటి తరం చదువుకున్నోళ్ళకు ఈ సిగ్గు తెలుసు. కాలేజీకి నాయన వస్తే దూరంగా నిలబడమని చెప్పినోళ్ళు మనలో లేరా? ఆ సిగ్గు మనది కాదు, మన మీద రుద్దింది అని ఈ సినిమా చెబుతుంది. చివర్ల బల్ల మీద పక్కపక్కన రెండు టీ గ్లాసులు కనబడతయి. హోటళ్ళల్ల రెండు గ్లాసుల పద్ధతి చూసిన తరానికి ఆ బల్ల దగ్గర గొంతు పూడుకుపోతది. 2016 జనవరి 17న హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేములను పోగొట్టుకున్న మనం మన కాలేజీ పిల్లలందరికీ ఈ సినిమా చూపించాలె. చచ్చిపోకుండా, చంపకుండా, ఎదురు నిలబడి నన్ను నువ్వు సమానంగా చూడనంత కాలం ఏదీ మారదని మొఖం మీద చెప్పే పిల్లవాడు ఇందులో ఉన్నాడు.

దాని పక్కన 2021లో వచ్చిన 'జై భీమ్' పెట్టండి. తెలుగు మాటల్లో కూడా ఉంది. 1993లో తమిళనాడులో నిజంగా జరిగిన లాకప్ చావు, దాని మీద చంద్రు అనే లాయరు హైకోర్టులో నడిపిన కేసు ఆధారం. నా మూడో ప్రశ్న ఇక్కడ గట్టిగానే తగులుతుంది, లాయరే అన్నిటికీ ముందుంటాడు. అయినా చూడమంటాను. ఎందుకంటే హెబియస్ కార్పస్ అంటే ఏందో, మనిషిని పోలీసులు ఎత్తుకుపోతే కోర్టులో ఎట్లా అడగాలో మన అవ్వలకు అర్థమయ్యేటట్టు చెప్పిన సినిమా ఇది. కడుపుతో ఉన్న ఆ ఆడమనిషి పోలీసు పెద్ద డబ్బులిస్తామన్నా తల వంచకుండా నడిచిపోయే తీరు మన అట్రాసిటీ కేసుల్ల రాజీకి ఒత్తిడి చేసేటోళ్ళందరికీ జవాబు.

ఏడోది, మన తెలుగులో ఈ మధ్య వచ్చినవి. అసలేమీ రాలేదని నేననడం లేదు. 2020లో కరుణకుమార్ తీసిన 'పలాస 1978' చూడండి. ఊరికి దూరంగా పెట్టిన కళాకారుల ఇంటి అన్నదమ్ముల కథ, ఉత్తరాంధ్ర మాట, జముకు పాట. తమిళ 'అసురన్'ను 2021లో 'నారప్ప'గా తీసిండ్రు. చెప్పులు వేసుకుని నడిచినందుకు ఆడపిల్లను కొట్టే సీను, భూమిని గుంజుకోవచ్చు కాని చదువును గుంజుకోలేరని తండ్రి చెప్పే మాట, ఈ రెండింటి కోసం చూడండి. అదే ఏడు 'లవ్ స్టోరీ' వచ్చింది. హీరోది ఎక్కడ అనుకున్నరు? మన పక్కనున్న ఆర్మూరు. చర్చికి పోయే దళిత తల్లి కొడుకు. పెద్ద హీరో మన వాడ పిల్లవానిగా నటించిండు, బ్యాంకు అప్పు కోసం తిరిగిండు, దొరబిడ్డ ముందు మెట్టు కింద కూర్చునే అలవాటు గురించి మాట్లాడిండు. ఇంట్లనే ఆడపిల్లకు జరిగే అన్యాయాన్ని కూడా కులంతో పాటు చెప్పిండ్రు. లోపాలు లేవా? ఉన్నయి. కాని తలుపు కొంచెం తెరుచుకుంది. మనం చూసి, మాట్లాడి, రాస్తేనే అది ఇంకా తెరుచుకుంటది.

ఎనిమిదోది కథా సినిమా కాదు, డాక్యుమెంటరీ. ఆనంద్ పట్వర్ధన్ తీసిన 'జై భీమ్ కామ్రేడ్', 2011. మూడు గంటలకు పైనే ఉంటది, ఓపిక పట్టండి. 1997 జూలై 11న బొంబాయి రమాబాయి నగర్‌లో అంబేద్కర్ విగ్రహానికి చెప్పుల దండ వేసిండ్రు. జనం రోడ్డు మీదికొస్తే పోలీసులు కాల్చిండ్రు, పది మంది చచ్చిపోయిండ్రు. ఆ దుఃఖం తట్టుకోలేక విలాస్ ఘోగ్రే అనే ప్రజాకవి ఉరిపెట్టుకున్నాడు. పట్వర్ధన్ పద్నాలుగేండ్లు ఆ వాడల వెంట తిరిగి పాటలన్నీ పట్టుకొచ్చిండు. డప్పు కొట్టేటోళ్ళు, పాట కట్టేటోళ్ళు, ఏప్రిల్ 14కు రాత్రంతా జాగారం చేసేటోళ్ళు ఈ సినిమా చూస్తే తమ కుటుంబం ఎంత పెద్దదో తెలుస్తది.

ఇక్కడితో జాబితా చాలు. కాని చూసుడుతోనే పని అయిపోదు.

మలయాళంల మొదటి సినిమా 'విగతకుమారన్'. అందులో నాయిక పి.కె. రోజీ. పులయ కులం బిడ్డ. తెర మీద నాయరు స్త్రీగా కనబడ్డందుకు తిరువనంతపురంల జనం రాళ్ళు వేసిండ్రు. ఊరు విడిచి తమిళదేశం పారిపోయి, ఎవరికీ తెలియకుండా బతికి పోయింది. ఆమె కథ 2013లో 'సెల్యులాయిడ్' అనే సినిమాలో వచ్చింది. ఒక పరిశ్రమ మొదటి నాయికనే తరిమి తన బతుకు మొదలు పెట్టింది. ఇంకో దిక్కు అమెరికా చూడండి. 1915లో నల్లవాళ్ళను మృగాలుగా చూపించిన 'బర్త్ ఆఫ్ ఎ నేషన్' వచ్చింది. ఆస్కార్ మిషో అనే నల్లమనిషి ఏడుస్తూ కూర్చోలేదు. ఆయన తల్లిదండ్రులు బానిసత్వంల పుట్టినోళ్ళు. ముందు నవలలు రాసి ఇల్లిల్లూ తిరిగి అమ్ముకున్నాడు, ఆ తర్వాత 1919 నుంచి తన సినిమాలు తనే తీసి ఊరూరు తిప్పిండు. 'ఏడు తరాలు' చదివి కన్నీళ్ళు పెట్టుకున్న మనం మిషో కథ నుంచి ధైర్యం కూడా తెచ్చుకోవాలె.

ఇప్పుడు కెమెరా ప్రతి ఇంట్ల ఉంది. ఆ ఫోనుతో రీల్సు తీసే తమ్ముడు ఒక్క ఆదివారం తన తాతను కూర్చోబెట్టి వెట్టి కథ చెప్పించి తీయలేడా? బీడీలు చుట్టే అమ్మ వేళ్ళను, తునికాకు కత్తిరించే తీరును, ఆమె దగ్గును తీయలేడా? అది కూడా సినిమానే. అందులో హీరోకు పాలు పోయాల్సిన పని లేదు.

అందుకే ఈ సభ ముందు ఒక పని పెడుతున్నాను. నెలకు ఒక్క సినిమా. వాడల ఎవరింట్ల పెద్ద టీవీ ఉంటే వాళ్ళింట్ల, ఇరవై ముప్పై మందిమి కలిసి చూద్దాం. ఆడవాళ్ళు ముందు కూర్చోవాలె, వెనక కాదు. సినిమా మధ్యల ఫోను ముట్టొద్దు. అయినంక గంటసేపు మాట్లాడాలె, మొదట మాట్లాడేది చదువు రానోళ్ళు, ఆ తర్వాతే మా లాంటి పంతుళ్ళు. మాల, మాదిగ, మాంగ్, మహార్, ఉపకులాలు అందరూ ఒకే చాప మీద కూర్చోవాలె. వర్గీకరణ మీద మన మధ్య వాదాలుండొచ్చు, తెర ముందు చాప మాత్రం ఒక్కటే ఉండాలె. మాట్లాడిన ముచ్చట్లు ఒక పిల్ల నోటుబుక్కులో రాసిపెట్టాలె. ఏడాది తిరిగేసరికి పన్నెండు సినిమాలు, పన్నెండు రాత్రుల మాటలు మన చేతిలో ఉంటయి. అప్పుడు నా జాబితా చింపేసి మీ జాబితా రాసుకోండి. ఇందులో ఏది పనికిరాదో మీరే తేల్చండి, నాకు కోపం రాదు.

మొదటి సినిమా 'ఫాండ్రీ' పెడదామని నా సలహా. మరాఠీ రానోళ్ళకు పక్కన కూర్చున్నోళ్ళు తర్జుమా చెబుతారు. సరిహద్దు ఊరి వాళ్ళం, మనకు ఆ విద్య ఎప్పుడో వచ్చు. ఎవరింట్ల పెడదామో, ఏ శనివారమో, సభ అయిపోయి లేచేలోపు తేల్చుకుని పోదాం.

జై భీమ్.